సైరన్ మోగుతూనే ఉంది... ఓకే నొక్కాలా?

ప్రశ్న: అన్నా, హనుమకొండలో కేయూ క్రాస్ రోడ్డు దగ్గర మాకు చిన్న జిరాక్స్, నెట్ సెంటర్ ఉంది. మూడు కంప్యూటర్లు. పోయిన వారం ఎప్‌సెట్ ఫీజు కట్టి అప్లికేషన్ నింపుతున్న ఒక అబ్బాయి, మధ్యలో పాత ప్రశ్నపత్రాల కోసం ఏదో సైటు తెరిచి పచ్చ రంగు డౌన్‌లోడ్ బటన్ నొక్కాడు. అంతే, స్క్రీన్ మొత్తం నీలమైపోయి సైరన్ మొదలైంది. "మీ కంప్యూటర్ లాక్ అయింది, ఆపితే డేటా పోతుంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని ఒకదాని మీద ఒకటి పెట్టెలు. ఓకే కొడితే ఇంకోటి, క్యాన్సిల్ కొడితే ఇంకోటి. మేమెక్కడున్నామో తెలిసినట్టు కింద "హైదరాబాద్, తెలంగాణ" అని కూడా ఉంది. భయమేసి ఆ నంబరుకు ఫోన్ చేశాను. ఒకతను ఏదో యాప్ వేసుకోమన్నాడు, బాగు చేయడానికి పది వేలవుతుందన్నాడు. పది వేలు అనేసరికి అనుమానమొచ్చి ఫోన్ పెట్టేసి, కంప్యూటర్ వైరు పీకేశాను. మళ్ళీ ఆన్ చేసి క్రోమ్ తెరిస్తే "రీస్టోర్" అని అడిగింది. నొక్కాను. మళ్ళీ అదే సైరన్! రిపేరు షాపతను ఫార్మాట్ కొట్టాల్సిందే అంటున్నాడు. కస్టమర్ల స్కాన్ కాపీలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకో సంగతి. నర్సంపేట దగ్గర మా ఊళ్ళో బాపు ఉంటాడు. మిర్చి ధర చూద్దామని ఫోన్‌లో ఏదో తెరిచినప్పటి నుంచి రోజూ "13 వైరస్‌లు దొరికాయి" అని వస్తున్నాయట. రెండూ ఒకటేనా? ఆ అబ్బాయి ఫీజు నేను కట్టివ్వాలా? చాలా టెన్షన్‌గా ఉంది.
– పేరు వద్దన్న ఒక చెల్లె, హనుమకొండ

సమాధానం: చెల్లెమ్మా, ముందు ఆ ఫార్మాట్ ఆపించండి. మీ కంప్యూటర్ లాక్ కాలేదు. లాక్ అయినట్టు బొమ్మ గీసి చూపించారు, అంతే.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఒక పాత పాపం ఉంది. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో వరంగల్ చౌరస్తా దగ్గర ఒక నెట్ సెంటర్‌లో పనిచేసేవాణ్ణి. ఒకరోజు ఒక మిషన్‌లో ఒక కిటికీ మూస్తే రెండు తెరుచుకుంటున్నాయి. మూసీ మూసీ చేతులు నొప్పి పుట్టి, ఇక లాభం లేదని ఫార్మాట్ కొట్టేశాను. మర్నాడు ఒక ఎంసీఏ పిల్లవాడు వచ్చి "అన్నా, నా ప్రాజెక్టు రిపోర్టు ఆ డెస్క్‌టాప్ మీదే పెట్టిన" అన్నాడు. అతని మొహం నాకింకా గుర్తే. నిజానికి ఆ రోజు చేయాల్సిన పనికి అర నిమిషం చాలు. అదేమిటో అప్పటికి నాకు తెలియదు. మీ రిపేరు షాపతనికి తెలియదని నేననను గానీ, ఫార్మాట్‌కు డబ్బులొస్తాయి, ఒక ట్యాబ్ మూసినందుకు ఎవరూ ఇవ్వరు.

అసలు జరిగిందేమిటంటే, ఏ వెబ్ పేజీకైనా చిన్న పెట్టె చూపించి మీ జవాబు అడిగే హక్కును బ్రౌజర్ ఇస్తుంది. "పాస్‌వర్డ్ తప్పు", "నిజంగా తీసేయాలా" లాంటివి అడగడానికి పెట్టిన సౌకర్యం అది. మోసగాడు దాన్నే ఆగని చక్రంలో పెడతాడు. మీరు ఓకే అన్నా క్యాన్సిల్ అన్నా వాడికి ఒకటే, ఏదో ఒకటి నొక్కితే చాలు, తర్వాతి పెట్టె వస్తుంది. జవాబిచ్చిన కొద్దీ మాట పెంచే మనిషి ఉంటాడు చూడండి, అలాగన్నమాట. ఇదంతా ఎంత చిన్న కోడంటే, 2019లో జపాన్‌లో హ్యోగో పోలీసులు ఇలాంటి పేజీ లింకు పంచుకున్నందుకు 13 ఏళ్ళ అమ్మాయిని ప్రశ్నించారు. ఆ పేజీలో ఉన్నది ఎన్నిసార్లు మూసినా లాభం లేదని ఆటపట్టించే ఒక పెట్టె, దాన్ని మళ్ళీ మళ్ళీ చూపించే ఒకటి రెండు వరుసల కోడు. పిల్లల ఆకతాయి పనికి పోలీసులేమిటని అక్కడి ప్రోగ్రామర్లు గొడవ కూడా చేశారు. మీ మీద పడింది ఆ ఆకతాయి పనే. కాకపోతే దానికి నీలం రంగు పూసి, సైరన్ తగిలించి, కింద ఫోన్ నంబరు పెట్టారు.

ఆ ఫోన్ నంబరే అసలు గుట్టు విప్పేస్తుంది. మైక్రోసాఫ్ట్ ఇచ్చే నిజమైన ఎర్రర్ సందేశాల్లో ఫోన్ నంబరు ఉండదు. ఆ కంపెనీయే ఈ మాట చెప్పింది. ఇక "హైదరాబాద్, తెలంగాణ" సంగతి. మీరున్నది హనుమకొండలో కదా? మీ నెట్ కనెక్షన్‌కున్న ఐపీ అడ్రస్‌ను బట్టి ఏ సైటైనా ఇలా ఊరు ఊహించగలదు. కంపెనీ లైన్లు హైదరాబాద్ మీదుగా పోతాయి కాబట్టి చాలాసార్లు మన ఊళ్ళను హైదరాబాద్ కింద కట్టేస్తుంది. ఊరి పేరే తప్పు చెప్పినవాడు మీ డేటా మొత్తం చూశానంటే ఎలా నమ్ముతాం?

మళ్ళీ ఇలా వస్తే ఏం చేయాలో చెబుతాను. పేజీ లోపల కనిపించేదేదీ నొక్కకండి. మూలన గుణకారం గుర్తు కనిపించినా అది నిజమైన బటనో, గీసిన బొమ్మో తెలియదు. బయటి నుంచి, అంటే కీబోర్డు నుంచి రావాలి. స్క్రీన్ నిండా పరుచుకుని ఉంటే ఎస్కేప్ మీట ఒకసారి కొట్టి వదిలేయకుండా రెండు మూడు సెకన్లు నొక్కిపట్టుకోండి. ఫుల్ స్క్రీన్ పోయి, పైన ట్యాబ్‌ల వరుస కనిపిస్తుంది. సగం భయం అక్కడే పోతుంది. నీలం రంగు విండోస్ అనుకున్నది ఒక ట్యాబ్‌లో ఉన్న బొమ్మ అని కళ్ళారా చూస్తారు కదా! తర్వాత కంట్రోల్ పట్టుకుని డబ్ల్యూ కొడితే ఆ ట్యాబ్ మూసుకుంటుంది.

మూసేటప్పుడు "ఈ సైటు వదిలి వెళ్తారా" అని ఒక పెట్టె రావచ్చు. ఇది మాత్రం బ్రౌజర్ అడిగేదే, ఇక్కడ "లీవ్" నొక్కాలి. సగం నింపిన అప్లికేషన్ పొరపాటున మూసేస్తే కష్టం పోకూడదని పెట్టిన పెట్టె ఇది. అంటే ఆ అబ్బాయి ఎప్‌సెట్ ఫామ్ లాంటివాటిని కాపాడటానికి పెట్టిందాన్నే ఈ దొంగలు మిమ్మల్ని కట్టేయడానికి వాడుకున్నారు. ఒకప్పుడు ఈ పెట్టెలో సైటువాళ్ళు తమకు తోచిన మాట రాసుకోగలిగేవాళ్ళు, "వెళ్తే హార్డ్ డిస్క్ చెరిగిపోతుంది" అని కూడా. క్రోమ్ 2016లో ఆ వీలు తీసేసింది. ఇప్పుడక్కడ బ్రౌజర్ మాటలే ఉంటాయి.

పెట్టెలు ఊపిరాడనివ్వకపోతే, వాటిలో "ఈ పేజీని మళ్ళీ పెట్టెలు చూపనివ్వకు" అనే చిన్న గడి ఏమైనా ఉందేమో చూడండి. ఉంటే టిక్ పెట్టి ఓకే కొట్టండి, నోరు మూసుకుంటుంది. లేకపోతే షిఫ్ట్ పట్టుకుని ఎస్కేప్ కొట్టండి. క్రోమ్‌కు సొంతంగా ఒక టాస్క్ మేనేజర్ ఉందని చాలామందికి తెలియదు. అందులో ట్యాబ్‌ల పేర్లన్నీ వరుసగా ఉంటాయి. ఆ దొంగ పేజీ మీద నొక్కి "ఎండ్" కొడితే అదొక్కటే చస్తుంది. పక్క ట్యాబ్‌లో సగం నింపిన ఫామ్ చెక్కుచెదరదు. నెట్ సెంటర్ నడిపేవాళ్ళకు దీన్ని మించిన మీట లేదు. నేనైతే కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటిస్తాను.

అదీ తెరుచుకోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి కొట్టండి, విండోస్ టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో క్రోమ్‌ను ఎంచుకుని "ఎండ్ టాస్క్". ఇక్కడ అన్ని ట్యాబ్‌లూ పోతాయి. మౌస్, కీబోర్డు చచ్చిపోయినట్టు అనిపిస్తే కంట్రోల్, ఆల్ట్, డిలీట్. ఈ మూడు మీటల కలయిక నేరుగా విండోస్‌కే అందుతుంది, మధ్యలో దాన్ని పట్టుకోవడం ఏ వెబ్ పేజీ తరమూ కాదు. వైరు పీకడం దాకా వెళ్ళనక్కర్లేదు. ఏదైనా ఫైలు రాస్తున్న సమయంలో కరెంటు పోతే నష్టం ఆ పేజీ వల్ల కాదు, మన చేతుల్లోనే జరుగుతుంది.

మీరు పొరపాటు చేసింది ఆ తర్వాత. వెళ్ళగొట్టినవాణ్ణి "రీస్టోర్" నొక్కి మళ్ళీ పిలిచారు. క్రోమ్ పాపం మంచికే అడుగుతుంది, "హఠాత్తుగా ఆగిపోయాను, పాత పేజీలు తెరవనా" అని. ఆ పాత పేజీల్లో దొంగ పేజీ కూడా ఉందని దానికి తెలియదు. ఇలాంటప్పుడు ఆ చిన్న పెట్టెను గుణకారం గుర్తుతో మూసేయాలి. సెట్టింగ్స్‌లో "ఆన్ స్టార్టప్" దగ్గర "వదిలిన చోటి నుంచే మొదలుపెట్టు" అని ఉంటే కొత్త ట్యాబ్ తెరిచేలా మార్చండి. అడగకుండానే పాత పేజీలు తెరుచుకునే మిషన్ అయితే ముందు నెట్ కేబుల్ తీసేయండి, తర్వాత బ్రౌజర్ తెరవండి. నెట్ లేదు కాబట్టి ఆ పేజీ లోడ్ కాలేక ఖాళీగా నిలబడుతుంది. తీరిగ్గా మూసేసి కేబుల్ పెట్టుకోండి. ఇప్పుడు మీ మిషన్ దగ్గర చేయాల్సిందీ ఇదే.

ఆ తర్వాత కాస్త శుభ్రం చేసుకోవాలి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఆ రోజు వచ్చి పడిన తెలియని ఫైలుంటే తెరవకుండా తీసేయండి. క్రోమ్ ఎక్స్‌టెన్షన్లలో, అంటే బ్రౌజర్‌కు తగిలించే చిన్న అదనపు ప్రోగ్రాముల్లో, మీరు పెట్టనిది ఏదైనా కనిపిస్తే అదీ పీకేయండి. విండోస్ సెక్యూరిటీలో ఫుల్ స్కాన్ పెట్టి రాత్రికి వదిలేయండి. మీరు ఆ యాప్ వేసుకోలేదు, పాస్‌వర్డ్ చెప్పలేదు, డబ్బు పంపలేదు. కాబట్టి అంతకుమించి చేయాల్సిందేమీ లేదు.

యాప్ వేసుకుని ఉంటే మాత్రం కథ వేరుగా ఉండేది. అవతలివాడు వేయించేది ఎనీడెస్క్ లాంటి, మన స్క్రీన్‌ను దూరం నుంచి చూసి నడిపే యాప్. అది చెడ్డ యాప్ కాదు, ఆఫీసుల్లో రోజూ వాడేదే. కానీ మనం అనుమతి నంబరు చెప్పాక మౌస్ వాడి చేతిలో ఉంటుంది. ఈ పద్ధతిలో ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. మాట్లాడేవాడు ఎక్కడో అమెరికాలో కూర్చున్నాడనుకోవద్దు. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఇచ్చిన ఫిర్యాదులతో 2023 అక్టోబరులో సీబీఐ "ఆపరేషన్ చక్ర-2" పేరుతో సోదాలు చేసింది మన దేశంలోనే. వాటిలో ఇలాంటి దొంగ టెక్ సపోర్ట్ కాల్ సెంటర్లు ఉన్నాయి.

మీరు ఫోన్ చేశారు కాబట్టి మీ నంబరు వాళ్ళ దగ్గర ఉంది. మళ్ళీ చేస్తారు. "మీ రీఫండ్ వచ్చింది" అనో, "మీ మీద కేసు" అనో ఇంకో వేషంలో రావచ్చు. బ్లాక్ చేసి, కేంద్రం నడిపే సంచార్ సాథీ సైటులో "చక్షు" అనే చోట ఆ నంబరు రాసి పెట్టండి, రెండు నిమిషాల పని. మీకు తెలిసినవాళ్ళెవరైనా డబ్బు పోగొట్టుకుంటే మాత్రం ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతూ పోతుంది, ఎంత ముందు చెబితే అంత దగ్గర్లో ఆపుతారు. స్టేషన్‌కు రేపు పోదాం అనుకుంటే రేపటికి ఏటీఎంలో తీసేసి ఉంటారు.

ఇంకో రకం పేజీ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నెట్ సెంటర్‌కు వచ్చేది కుర్రాళ్ళు. స్క్రీన్ నిండా పోలీసు ముద్ర, "మీరు చూడకూడనివి చూశారు, కంప్యూటర్ బ్లాక్ చేశాం, జరిమానా కట్టండి" అని వస్తుంది. కింద కార్డు నంబరు గడులు. ఇలాంటి దొంగ నోటీసులతో మూడేసి వేలు వసూలు చేస్తున్న ముఠాలో కొందరిని 2021లో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నారు. పోలీసులు బ్రౌజర్‌లో జరిమానా వసూలు చేయరని అందరికీ తెలుసు. కానీ ఆ క్షణంలో తెలివి కంటే సిగ్గు ముందు పనిచేస్తుంది. మూడు వేలు పెట్టిందీ అందుకే. ఇంట్లో తెలియకుండా సర్దేయగలిగినంత సొమ్ము. మీ దగ్గరికొచ్చే పిల్లలకు "ఏదైనా ఇరుక్కుంటే నన్ను పిలువు, ఏం చూశావని అడగను" అని ముందే చెప్పి పెట్టండి. ఆ ఎప్‌సెట్ పిల్లవాణ్ణి కూడా తిట్టకండి. పచ్చ బటన్ నొక్కింది వాడే అయినా, ఒకే పేజీలో నాలుగు డౌన్‌లోడ్ బటన్లు పెట్టి మూడింటిని ప్రకటనలకు అమ్ముకున్నవాడు ఇంకొకడున్నాడు.

ఆ బటన్లు కనిపించకుండా చేయవచ్చు. మూడు కంప్యూటర్లలోనూ క్రోమ్‌కు యూబ్లాక్ ఆరిజిన్ లైట్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టండి, ఉచితం. వెతికేటప్పుడు వచ్చే దొంగ ప్రకటనల నుంచి కాపాడుకోవడానికి ఇలాంటి యాడ్ బ్లాకర్ వాడమని అమెరికా ఎఫ్‌బీఐ కూడా 2022 డిసెంబరులో జనానికి సలహా ఇచ్చింది. కస్టమర్లకు క్రోమ్‌ను గెస్ట్ కిటికీలో తెరిచివ్వండి. మూయగానే హిస్టరీ, లాగిన్లు అన్నీ పోతాయి. ఒక మాట, గెస్ట్‌లో ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు, అక్కడ ప్రకటనలు మామూలుగానే వస్తాయి. నన్నడిగితే బ్యాంకు, మెయిలు పనులకు గెస్ట్, మిగతావాటికి బ్లాకర్ ఉన్న మామూలు కిటికీ. మీ మిషన్లలో ఇంకా విండోస్ 7 ఉందేమో చూడండి. హనుమకొండలో సగం సెంటర్లలో అదే చూశాను. దానికి కొత్త క్రోమ్ రావడం 2023 మొదట్లోనే ఆగిపోయింది. విండోస్ 10కి కూడా మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. పేజీ ఉత్తినే అరిచి ఊరుకుంటుందని నేను ధైర్యం చెబుతున్నది కొత్త బ్రౌజర్‌ను నమ్మి. పాతదానికి ఆ హామీ ఇవ్వలేను.

అలాగే ఆ స్కాన్ కాపీలు. అడగని సలహా అనుకోకండి. ఊళ్ళోవాళ్ళ ఆధార్లు, బ్యాంకు పాస్‌బుక్కులు మీ డెస్క్‌టాప్ మీద ఎందుకున్నట్టు? ప్రింటు ఇచ్చాక సాయంత్రానికి చెరిపేయండి. అప్పుడు ఏ సైరన్ మోగినా మీ గుండె ఇంతగా కొట్టుకోదు.

ఇక బాపు ఫోన్. అది వేరే జబ్బు, వైరస్ మాత్రం కాదు. ధరల పేరుతో ఉన్న ఏదో సైటు "మీరు రోబో కాదని రుజువు చేయడానికి అలో నొక్కండి" అని ఉంటుంది. ఆయన నొక్కి ఉంటాడు. ఆ అలో రోబో పరీక్షకు కాదు, ఫోన్‌కు నోటిఫికేషన్లు పంపుకునే అనుమతి. అప్పటి నుంచి పేజీ మూసినా సరే సందేశాలు వస్తూనే ఉంటాయి. వాటి పక్కన క్రోమ్ గుర్తు ఉంటుంది కాబట్టి ఫోనే చెబుతోందనుకుంటారు పెద్దవాళ్ళు.

ఈసారి నర్సంపేట వెళ్ళినప్పుడు, లేదా వీడియో కాల్‌లో ఇలా చేయించండి. ఆ సందేశం వచ్చినప్పుడు దాన్ని తెరవొద్దు, వేలితో నొక్కిపట్టుకుంటే ఆపేసే దారి అక్కడే కనిపిస్తుంది. అన్నీ ఒకేసారి తీసేయాలంటే క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అనుమతించిన సైట్ల జాబితా వస్తుంది. మీకు తెలియని ప్రతిదాన్నీ బ్లాక్ చేయండి. అదే చోట పాపప్‌లు, దారి మళ్ళింపులు కూడా బ్లాక్‌లో ఉన్నాయో లేదో చూడండి. ఫోన్ తెలుగులో పెట్టి ఉంటే ఈ పేర్లూ తెలుగులోనే కనిపిస్తాయి, తికమక పడకండి. ఇవన్నీ చేశాక కూడా హోమ్ స్క్రీన్ మీద ప్రకటనలు దూకుతుంటే అప్పుడు ఏదో యాప్‌ను అనుమానించాలి. ముఖ్యంగా వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలేమైనా, అంటే ప్లే స్టోర్ బయటి నుంచి యాప్ వేసే ఫైలు, వేసుకున్నాడేమో మెల్లగా అడగండి. గట్టిగా అడిగితే చెప్పడు.

మిర్చి ధరలకు ఆయనకు కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ పేజీ తెరిచి, హోమ్ స్క్రీన్ మీద గుర్తు పెట్టివ్వండి. వరంగల్ ఏనుమాముల మార్కెట్ ధర కోసం ఇక వెతకనక్కర్లేదు. వెతకడం దగ్గరే కదా ఇదంతా మొదలైంది!

చివరికి ఆ అబ్బాయి ఫీజు. మళ్ళీ కట్టకండి, ముందు చూడండి. ఎప్‌సెట్‌లో ఫీజు కట్టడం ఒక మెట్టు, ఫామ్ నింపడం తర్వాతి మెట్టు. కట్టిన ఫీజు మీ కంప్యూటర్‌లో కాదు, వాళ్ళ సర్వర్‌లో ఉంటుంది. సైటులో పేమెంట్ స్టేటస్ చూసే దారి ఉంది. అక్కడ చూపిస్తే ఫామ్ మొదటి నుంచి నింపితే చాలు. ఖాతాలో డబ్బు కట్ అయి అక్కడ చూపించకపోతే ట్రాన్సాక్షన్ నంబరుతో వాళ్ళ హెల్ప్‌లైన్‌కు చెప్పాలి గానీ వెంటనే రెండోసారి కట్టొద్దు. ఆలస్యం చేయకండి, గడువు దాటితే లేట్ ఫీజు పడుతుంది. ఇవాళే ఆ పిల్లవాడికి ఫోన్ చేసి, డబ్బు కట్టిన మెసేజ్ తెచ్చుకోమనండి. ఫామ్ నింపినందుకు మీ చార్జీ మాత్రం రెండోసారి తీసుకోకండి.